బురదలో దిగేముందు కాళ్లు చూసుకోండి
పొలంలో ప్రమాదమంటే పామో పురుగుమందో గుర్తొస్తుంది గానీ నిలవనీళ్లలో కలిసే ఎలుకల మూత్రాన్ని ఎవరూ పట్టించుకోరు, లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వచ్చేది ఎక్కువగా దాన్నుంచే, కాలివేళ్ల మధ్య ఒరిసిన చోటు చాలు బ్యాక్టీరియా లోపలికి పోవడానికి. అందుకే దిగేముందు గీరుకున్న చోటల్లా నీళ్లు దూరని ప్లాస్టర్ వేసి, పైన గమ్‌బూట్లు తొడుక్కోండి. బూట్లోకి నీళ్లొస్తే మాత్రం అది ఉన్నా లేనట్టే, తీసి పారబోసి కాళ్లు తుడుచుకోవాలి. పనయ్యాక సబ్బుతో కడుక్కున్నాకే తిండి. ఇది కాక, గాయాలతో వచ్చే ధనుర్వాతానికి టెటనస్ బూస్టర్ టీకా పదేళ్లకోసారి.

బురదలో దిగిన తర్వాత 2 నుంచి 30 రోజుల్లో జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టొద్దు, డాక్టర్‌కి బురదలో పనిచేశానని ముందే చెప్పండి, అది చెప్పకపోతే మామూలు జ్వరమే అనుకునే ఛాన్స్ ఉంది.