ఉత్తర ఇటలీలో రూమ్ వెతకడం ఎలా: అత్తయ్య మోకాళ్లు, రెండు పెద్ద సూట్‌కేసులు, నాలుగు ఊళ్లు

మొన్న లక్ష్మీపురంలో ఒకావిడ ఆపి మరీ అడిగింది, మేమూ ఇటలీ వెళ్తున్నాం, ఏ హోటల్ తీసుకోవాలో చెప్పమని. పేరు చెప్తే రెండు ముక్కల్లో అయిపోయేది గానీ దానివల్ల ఉపయోగం ఏముందండి, నాకు తెగ నచ్చేసిన రూమ్ మా అత్తయ్యకి నరకం, ఆవిడ మెచ్చుకున్న హోటల్ గురించి మా ఆయన ఇంత డబ్బు పోసింది ఇందుకా అని రెండ్రోజులు సణిగాడు. అందుకని హోటల్ పేర్లు వదిలేసి ఏ ఊళ్లో ఏ మూల ఉంటే సుఖం, బుక్ చేసేముందు ఏం చూడాలి, అది చెప్తా. మేం నలుగురం, మేమిద్దరం, అత్తయ్య, ఎనిమిదేళ్ల బాబు. గుంటూరులో బయల్దేరేటప్పటికి రెండు పెద్ద సూట్‌కేసులు, అందులో ఒకదాంట్లో సగం పచ్చళ్లూ కారప్పొడులే.

ముందు ఊళ్ల లిస్టు తగ్గించుకోండి. రోజుకో ఊరు, రోజుకో హోటల్ అని ప్లాన్ వేస్తారు మనవాళ్లు, పొద్దున పదింటికి ఖాళీ చేయమంటారు, కొత్తచోట రూమ్ మధ్యాహ్నం రెండుకో మూడుకో గానీ ఇవ్వరు, ఆ మధ్యలో సామాను కాపలా కాయడానికే సగం రోజు పోద్ది. ఉత్తర ఇటలీలో రైళ్లు బాగుంటాయి కాబట్టి రెండు మూడు ఊళ్లలో మకాం పెట్టుకుని మిగతావి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. పది రాత్రులుంటే నేనైతే బొలోన్యాలో నాలుగు, వెనిస్ వైపు మూడు, కోమో సరస్సు దగ్గర రెండు, ఫ్లైట్ ముందు మిలాన్‌లో ఒకటి, ఇంతే.

బొలోన్యాకి నాలుగా అని అందరూ అడుగుతారు, పేరే ఎక్కువమంది విని ఉండరు. మనకి విజయవాడ జంక్షన్ ఎలాగో వాళ్లకి బొలోన్యా అలాగ, ఎటు పోవాలన్నా రైలు ఇక్కడ దొరుకుద్ది. ఫాస్ట్ రైల్లో ఫ్లోరెన్స్ 40 నిమిషాల లోపే, మిలాన్ గంటా పావు, వెనిస్ గంటన్నర, ఫెరారా మామూలు రైల్లో అరగంట. అదీగాక ఊరంతా ఫుట్‌పాత్‌ల మీద కమాను వరండాలు, అన్నీ కలిపి 62 కిలోమీటర్లట, 2021లో యునెస్కో వాళ్లు గుర్తింపు ఇచ్చారు. వానొచ్చినా ఎండ కాసినా గొడుగు తియ్యకుండా ఊరంతా తిరిగేయొచ్చు, మన బీసెంట్ రోడ్డులో ఇలాంటివి ఒక్క వరస ఉన్నా ఎంత బావుండేదో అనుకున్నా. రూమ్ మాత్రం స్టేషన్‌కీ మెయిన్ సెంటర్‌కీ మధ్యలో చూసుకోండి, రెండూ నడిచే దూరమే, అదంతా సమతలం, సూట్‌కేసు చక్రాలు సాఫీగా దొర్లుతాయి. ఒక్క జాగ్రత్త, అక్కడ ఫాస్ట్ రైళ్లు చాలావరకు 16 నుంచి 19 దాకా ఉన్న అండర్‌గ్రౌండ్ ప్లాట్‌ఫాంల మీదికి వస్తాయి, కిందికి కిందికి దిగుతూనే ఉండాలి, పదిహేను నిమిషాలు ముందే స్టేషన్లో ఉండండి.

ఇక వెనిస్, మా ప్లాన్ మొత్తం తలకిందులైంది ఇక్కడే. ఫొటోల్లో రూమ్ అద్భుతం, కాలవ మీదికి కిటికీ, రేటు కూడా పర్లేదు. స్టేషన్ నుంచి 15 నిమిషాల నడక అని రాశారు, అబద్ధం కాదు, కాకపోతే ఆ 15 నిమిషాల్లో అయిదు వంతెనలున్నాయని ఎవరూ రాయలేదు. వెనిస్‌లో 400 పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ మెట్లే, కారూ ఆటో ఏదీ లోపలికి రాదు. మా ఆయన పచ్చళ్ల సూట్‌కేసు నెత్తిన పెట్టుకున్నంత పని చేసి ఎక్కుతుంటే వెనకాల అత్తయ్య ప్రతి వంతెన దగ్గరా ఆగి ఇంకెన్ని అని అడగడం, అదయ్యాక ఇంటికి చేరితే రూమ్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆవిడ అన్న మాట, "దీనికంటే ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కినా పుణ్యమొచ్చేది కదమ్మా" అని.

కాబట్టి సామాను ఎక్కువున్నా పెద్దవాళ్లున్నా మెస్త్రేలో ఉండండి. మెస్త్రే అంటే మనకి తాడేపల్లి లాంటిది, వారధి దాటితే బెజవాడ, అక్కడా అంతే, రైలు ఎక్కితే సముద్రం మీద బ్రిడ్జి దాటి పది పన్నెండు నిమిషాల్లో వెనిస్‌లో దిగుతారు. ఊరు చూడ్డానికి ఏమీ ఉండదు, ఒప్పుకుంటా, కానీ రూమ్ పెద్దది, లిఫ్ట్ ఉంటది, అదే డబ్బుకి ఇద్దరి బదులు నలుగురు పడతారు. స్టేషన్‌కి అయిదు నిమిషాల నడకలో ఉన్నదే తీసుకోండి, దూరంగా తీసుకుంటే మళ్లీ బస్సులూ గొడవ. అయినా సరే ఒక్క రాత్రి మాత్రం లోపల ఉండాలంటాను నేను, ఎందుకంటే సాయంత్రం ఏడు దాటాక పొద్దున వచ్చిన జనమంతా వెళ్లిపోతారు, అప్పుడు ఆ సందుల్లో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు, పగలు చూసిన ఊరేనా అనిపిస్తది. దానికి పెద్ద సూట్‌కేసులు స్టేషన్ లగేజీ డిపాజిట్‌లో పడేసి, ఒక్క చిన్న బ్యాగ్‌తో వెళ్లండి. లోపల రూమ్ వెతికేటప్పుడు మ్యాప్‌లో దూరం బదులు వంతెనలు లెక్కపెట్టండి, లేదంటే వాటర్ బస్ స్టాప్ పక్కనే ఉండేది చూడండి. వాటర్ బస్ టికెట్ 75 నిమిషాలకి 9.50 యూరోలు, నలుగురికీ లెక్కేసుకుంటే కళ్లు తిరుగుతాయి, రోజుల పాస్ నయం. ఇంకోటి, 2024 నుంచి కొన్ని రోజుల్లో పొద్దునొచ్చి సాయంత్రం పోయేవాళ్ల దగ్గర ఎంట్రీ ఫీజు తీసుకుంటున్నారు, మెస్త్రేలో పడుకున్నా ఆ ఫీజు ఉండదు, ఎందుకంటే అదీ వెనిస్ మున్సిపాలిటీ కిందకే వస్తది, కాకపోతే ఆన్‌లైన్‌లో మినహాయింపు కోడ్ తీసుకుని ఫోన్‌లో పెట్టుకోవాలి.

కోమో సరస్సుకి అందరూ బెల్లాజియో అంటారు, అందమైనదే గానీ రైలు స్టేషన్ లేదు. అవతలి ఒడ్డున వరెన్నా అని ఉంది, మిలాన్ సెంట్రల్ నుంచి రైల్లో గంటకి కాస్త ఎక్కువ, స్టేషన్ నుంచి పడవ రేవుకి పది నిమిషాలు, అక్కణ్ణుంచి బెల్లాజియోకి పావుగంట. నాకు మొత్తం ట్రిప్పులో బాగా నచ్చిన మకాం ఇదే. చిన్న రూమ్, కిటికీ తీస్తే నీళ్లు, పొద్దున్నే మొదటి పడవ చప్పుడు, భవానీ ఐలాండ్ రేవు దగ్గర కూర్చున్నట్టే అనిపించింది, వెనకాల ఆ కొండల మీద మంచు తప్ప. ఊరు కొండవాలు కాబట్టి రేవుకి దగ్గరగా కింద ఉన్న రూమ్ అడగండి, "లేక్ వ్యూ" అని ఉన్న పై రూమ్‌లకి మెట్లే మెట్లు. నవంబర్ నుంచి మార్చి దాకా అక్కడ చాలా హోటళ్లు మూసేస్తారు, పడవలు కూడా తగ్గుతాయి, కాబట్టి సంక్రాంతి సెలవలకి ఈ ప్లాన్ వద్దు.

చింక్వె తెర్రె కూడా ఉత్తరాదే, సముద్రం పక్కన అయిదు పల్లెలు. పెద్దవాళ్లుంటే మొంతెరోస్సోలో ఉండండి, మిగతా వాటికన్నా సమతలం, బీచ్ ఉంది. కొర్నీల్యా ఫొటోలు చూసి పడిపోకండి, స్టేషన్ కింద, ఊరు పైన, మధ్యలో 380 దాకా మెట్లు. బడ్జెట్ తక్కువైతే లా స్పెత్సియాలో పడుకుని రోజూ లోకల్ రైల్లో వెళ్లి రావచ్చు. దొలొమీతి కొండలకి మేం ఈసారి వెళ్లలేదు, మా తమ్ముడు వెళ్లొచ్చాడు, వాడు చెప్పిందాంట్లో పనికొచ్చేది ఏంటంటే బొల్జానో, ఒర్తిజేయ్ వైపు చాలా హోటళ్లు గెస్ట్ పాస్ ఇస్తాయి, దాంతో ఆ ప్రాంతంలో బస్సులూ లోకల్ రైళ్లూ ఫ్రీ, బుక్ చేసేముందు ఆ పాస్ ఉందా అని అడగండి, నలుగురికి బాగా మిగులుద్ది.

ఊరు తేలిందా, ఇప్పుడు రూమ్. నేను స్టార్లు చూడ్డం మానేశా. లిఫ్ట్ అనే మాట, ఇటాలియన్‌లో అషెన్సోరే, అది పేజీలో కనపడకపోతే లేనట్టే లెక్క. మూడో అంతస్తు అంటే మనలాగే గ్రౌండ్ ఫ్లోర్ కాకుండా మూడు, పాత బిల్డింగుల్లో ఒక్కో అంతస్తూ మనవాటికి ఒకటిన్నర ఎత్తు. మంచం దగ్గర "మాత్రిమోనియాలే" అంటే డబుల్ బెడ్, "దోప్పియా" అంటే విడివిడిగా రెండు మంచాలు, పెళ్లి రోజని వెళ్లి దోప్పియా బుక్ చేసుకుని తిట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. "బాన్యో ఇన్ కొమూనె" అంటే బాత్రూమ్ పక్కవాళ్లతో కలిపి. పిల్లల్ని కూడా మనుషుల లెక్కలో చూపించండి, మన దగ్గరలా పక్కలో పడుకుంటాడులే అంటే అక్కడ నడవదు, ఎందుకంటే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు వివరాలూ వాళ్లు పోలీసులకి పంపాలి. పాస్‌పోర్టు ఎందుకు అడుగుతున్నారని కంగారు పడకండి.

అపార్ట్‌మెంట్లు తీసుకునేవాళ్లు సీ ఐ ఎన్ అనే కోడ్ చూడండి, 2025 జనవరి 1 నుంచి టూరిస్టులకి అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ ఆ నంబర్ ఉండాలి, ప్రకటనలోనూ పెట్టాలి. అది లేని ఇల్లు ఎంత చవకైనా నేను ముట్టుకోను. బుకింగ్‌లో కట్టిన డబ్బు కాకుండా టూరిస్ట్ టాక్స్ అని మనిషికీ రాత్రికీ ఇంత అని అక్కడే వసూలు చేస్తారు, కొందరు క్యాషే అడుగుతారు, అది మోసం కాదు, చిన్నపిల్లలకి చాలా ఊళ్లలో ఉండదు. వీసా అప్లికేషన్‌కి బస వివరాలు చూపించాలి కాబట్టి ముందు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే బుక్ చేసి, వీసా వచ్చాక నింపాదిగా మార్చుకోండి.

తేదీలు కూడా చూసుకోండి. దసరాకి బెజవాడలో రూమ్ ఎలా దొరకదో, ఏప్రిల్‌లో ఫర్నిచర్ ఎగ్జిబిషన్ జరిగే వారం మిలాన్‌లో అలా, రేట్లు చూస్తే గుండె ఆగుద్ది. వెరోనాలో 1913 నుంచీ పాత రోమన్ స్టేడియంలో వేసవి ఒపేరాలు వేస్తారు, ఆ రాత్రులూ అంతే. ఇటలీ కదా చల్లగా ఉంటదిలే అనుకుని ఏసీ లేని రూమ్ తీసుకోకండి, జూలైలో బొలోన్యాలో 35 డిగ్రీలు దాటడం మామూలే, కిటికీలకి చాలాచోట్ల దోమతెర కూడా ఉండదు, మన ఓడోమాస్ ఎంత పనికొచ్చిందో. దసరా సెలవలకి వెళ్తే దానికి రివర్స్ సమస్య, మిలాన్, బొలోన్యా వైపు హీటర్లు మామూలుగా అక్టోబర్ 15 నుంచే వేస్తారు, చట్టమే అలా ఉంది, ముందు వెళ్తే ఎక్స్‌ట్రా దుప్పటి అడిగి పెట్టుకోండి.

తిండి సంగతి మనవాళ్లకి అసలు పాయింట్. హోటల్ టిఫిన్ అంటే తీపి బన్నూ కాఫీ, పిల్లలకి పండగ, అత్తయ్య మాత్రం రెండో రోజుకే మొహం తిప్పేసింది. అందుకే మూడు రాత్రులు దాటితే వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటాం. గోంగూర, కందిపొడి పట్టుకెళ్లండి, నెయ్యి మాత్రం వద్దు, పాల పదార్థాలూ మాంసం బయటి దేశాల నుంచి తీసుకురావడానికి ఒప్పుకోరు. అక్కడ ఇళ్లకి మామూలుగా 3 కిలోవాట్ల కనెక్షనే ఉంటది, మేం ఇండక్షన్ మీద అన్నం పెట్టి, ఏసీ వేసి, నేను హెయిర్ డ్రయర్ ఆన్ చేశానో లేదో ఇల్లంతా చీకటి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలీక ఫోన్ లైట్లతో అరగంట వెతికాం. వచ్చిన వెంటనే ఆ బాక్స్ ఎక్కడో అడగండి. బాత్రూమ్ విషయంలో మాత్రం నిశ్చింత, 1975 నుంచి ఇళ్లలో కడుక్కునే బేసిన్, అదే బిడే, ఉండి తీరాలని రూలే ఉంది, యూరప్ మొత్తంలో మనవాళ్లు ప్రశాంతంగా ఉండగలిగే దేశం ఇదేనేమో.

పల్లెటూరి బస కావాలంటే అగ్రితురిస్మో అని వెతకండి, నిజంగా వ్యవసాయం చేసేవాళ్లే నడపాలి, అక్కడ పండిందే వండి పెడతారు. వెర్చెల్లి చుట్టుపక్కలైతే ఎటు చూసినా వరి పొలాలే, వసంతంలో నీళ్లు పెట్టినప్పుడు చూస్తే తెనాలి దాటి కొల్లిపర వైపు వచ్చామా అనిపిస్తది. కారు తప్పనిసరి, ఇంటర్నేషనల్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్లండి, పాత ఊళ్ల మధ్యలోకి మాత్రం కారు పోనివ్వకండి, కెమెరాలుంటాయి, ఇంటికొచ్చిన ఎన్ని నెలలకో ఫైన్ కాగితం వస్తది.

రివ్యూలు చదివేటప్పుడు పైన కనిపించే పొగడ్తలు వదిలేసి కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోండి, మెట్లు, లగేజీ, గంటలు, ఏసీ అనే మాటలు వెతకండి (గంటలంటే చర్చి గంటలు, పక్కనే ఉంటే పొద్దున్నే లేపేస్తాయి). మీరు వెళ్లే నెలలోనే ఉండొచ్చినవాళ్లు రాసింది ఎక్కువ నమ్మండి. వచ్చాక మీరూ రాయండి, సూపర్, అమేజింగ్ అని కాకుండా తర్వాతవాళ్లకి పనికొచ్చేలా. బొలోన్యా ఇంటికి నేను రాసింది ఇది: "జూన్‌లో నాలుగు రాత్రులు, నలుగురం. స్టేషన్ నుంచి సూట్‌కేసులతో 12 నిమిషాలు, ఒక్క మెట్టు లేదు. రెండో అంతస్తు, లిఫ్ట్‌లో ఇద్దరు, ఒక సూట్‌కేసు పడతారు. ఏసీ బెడ్‌రూమ్‌లోనే, హాల్లో ఫ్యాన్. వేడినీళ్లు ముగ్గురికి సరిపోతాయి, నాలుగోవాళ్లు అరగంట ఆగాలి. కుక్కర్ లేదు, గిన్నెలో అన్నం బానే ఉడికింది. ఓనర్‌కి మా మావిడికాయ పచ్చడి నచ్చింది, సీసా అక్కడే వదిలేసి వచ్చాం."