ఆ చిన్న బటన్ నొక్కి చూశారా?

విశాఖలో సముద్రం దగ్గర, బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉండేవాళ్లకు మరీ ముఖ్యంగా చెబుతున్నా. ఇంట్లో డీబీ బాక్సు (ఇంటి కరెంటు మెయిన్ స్విచ్‌లుండే పెట్టె) తెరిస్తే, ఎంసీబీల (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌ల) కంటే కాస్త వెడల్పుగా, మీద చిన్న టెస్ట్ బటన్‌తో ఒక స్విచ్ ఉంటుంది. అదే ఆర్‌సీసీబీ, షాక్ కొడితే కరెంటు ఆపేసే స్విచ్. కంప్యూటర్లవీ ఆపేసి, కరెంటు ఉండగా ఆ బటన్ నొక్కండి. టక్కున కిందికి పడాలి. పడలేదంటే అది ఉన్నా లేనట్టే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మార్పించండి. రెండు మూడు నెలలకోసారి ఇలా చూసుకుంటే చాలు.

"ఎంసీబీ ఉందిగా" అంటారు చాలామంది. అది కాపాడేది వైర్లను, మనల్ని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి లాగితేగానీ కదలదు. మనిషికేమో అందులో వెయ్యో వంతు కూడా ప్రమాదకరమే కావచ్చు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు పోల్చి చూసి, తేడా ఆ మేరకు రాగానే, అంటే కరెంటు మనిషి గుండానో మరోలానో భూమిలోకి లీకవుతుంటే, సెకనులో మూడో వంతు లోపే ఆపేస్తుంది. అయితే ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే అదీ ఏం చేయలేదు.

బటన్ పనిచేసిందంటే ఎర్తింగ్ కూడా బాగున్నట్టు కాదు. మన ఉప్పు గాలికి ఎర్త్ పైపు దగ్గర క్లాంపు తుప్పు పట్టి వదులైపోతుంది, అది విడిగా చూపించుకోవాలి.

వానాకాలంలో ఊరికే ట్రిప్ అవుతోందని కొందరు ఆర్‌సీసీబీని బైపాస్ చేయించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ప్లగ్గులన్నీ పీకేసి ఒక్కొక్కటే పెట్టి, దేనికి ట్రిప్ అవుతోందో చూడండి. చాలాసార్లు గీజరో, బాల్కనీలో తడిసే వాషింగ్ మెషీనో దొరుకుతుంది.