చలికాలంలో మా బెట్టా చేప మళ్లీ ఎలా హుషారైంది

డిసెంబరు వచ్చేసరికి మా బెట్టా రెక్కలు ముడుచుకుని తొట్టి అడుగున ఉండిపోయింది. గుళికలు వేసినా పైకి రాదు. రోగమేమోనని టెన్షన్ పడ్డాం. కానీ ఒంటి మీద మచ్చల్లేవు, రెక్కలు చివకలేదు. థర్మామీటరు పెట్టి చూస్తే, హైదరాబాద్ చలికి పొద్దున నీళ్లు 20 డిగ్రీలే ఉన్నాయి.

థాయ్‌లాండ్ వరిమడుల్లాంటి వెచ్చటి, లోతులేని నీళ్లలో పెరిగే జాతి ఇది. 25 నుంచి 28 డిగ్రీలు కావాలి. తొట్టి చిన్నదైతే రాత్రికి నీళ్లు ఇట్టే చల్లబడతాయి. మాది 20 లీటర్లది, థర్మోస్టాట్ (వేడిని తనే అదుపు చేసే మీట) ఉన్న 25 వాట్ల హీటరు సరిపోయింది. వేడి మెల్లమెల్లగా పెంచాను. నీళ్లు 26 దాటాక చేప లేచి తిరగడం చూసి ప్రాణం కుదుటపడింది!

బెట్టా పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఫిల్టరు అక్కర్లేదంటారు కొందరు. నేను ఒప్పుకోను. చేప వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియా. దాన్ని హరించే బాక్టీరియా ఎక్కువగా ఫిల్టరులోని స్పాంజిలోనే బతుకుతుంది, కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కి చచ్చిపోతుంది. అందుకే స్పాంజిని కుళాయి కింద కడగను, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండుతాను. పొడవాటి రెక్కలతో బెట్టా ప్రవాహానికి ఎదురీదలేదు కాబట్టి, ఫిల్టరును నడిపే గాలి పంపు తగ్గించి పెట్టాలి.

వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తాను. కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, తొట్టి నీళ్లంత వెచ్చగా ఉన్నాయో లేదో చూసి పోస్తాను. చేపకు మంచిదంటారని, మందులు కొట్టని చెట్టు నుంచి రాలిన ఎండు బాదం ఆకు ఒకటి కడిగి వేస్తాను. మూత తప్పనిసరి, ఇది ఎగిరి బయటపడుతుంది.