కలిపి ఉంచిన లెపర్డ్ గెకోల్లో ఒకటే చిక్కిపోతుంటే: సమస్య - పరిష్కారం

లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి ట్యాంకును వెచ్చబరిచే హీట్ మ్యాట్‌కు, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తగిలించడం, పురుగులకు కాల్షియం పొడి అద్దడం వంటివి మీకు తెలుసుననే అనుకుని రాస్తున్నాను. ఒకే ట్యాంకులో రెండు గెకోలను ఉంచినవారు ఏ ఇబ్బంది చెప్పినా నేను ముందుగా అడిగేది ఒక్కటే: "వాటిని విడివిడిగా తూచారా?" దాదాపు ఎవరూ తూచి ఉండరు. గ్రాములు చూపే చిన్న డిజిటల్ కాటా మీద ఒక డబ్బా పెట్టి వారానికోసారి తూచి, ఆ అంకెను రాసి పెట్టుకుంటే చాలా కష్టాలు మొదట్లోనే బయటపడతాయి.

లక్షణం: కాట్లు, ఊడిన తోక

కారణం సాధారణంగా రెండు మగవి ఒకచోట ఉండటం, లేదా మగది ఆడదాన్ని విడవకుండా వెంటాడటం. గెకోను పారదర్శకమైన డబ్బాలో ఉంచి కింది నుంచి చూడండి. మలద్వారానికి కాస్త పైన 'వి' ఆకారంలో స్పష్టమైన రంధ్రాల వరుస, తోక మొదట్లో రెండు ఉబ్బులు ఉంటే అది మగది. కొన్ని నెలల వయసు వరకు ఇది తేలదు కాబట్టి అమ్మినవారి మాటను పూర్తిగా నమ్మకూడదు. గుడ్లను 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొదిగిస్తే ఎక్కువగా ఆడవి, 32.5 దగ్గర పొదిగిస్తే ఎక్కువగా మగవి పుడతాయి. అందువల్ల కలిసి పొదిగినవాటిలో ఒకటి మగదని తేలితే రెండోదాన్ని కూడా తప్పక చూడాలి.

పరిష్కారం: ఆ రోజే వేరు చేయండి. తోక ఊడినదాని ట్యాంకులో మట్టి తీసేసి పేపర్ టవల్ పరచి, రోజూ మార్చండి. గాయం వాచినా, చీము పట్టినా పశువైద్యుడికి చూపించండి.

లక్షణం: కొట్లాట లేదు, కాటు లేదు, కానీ ఒకదాని తోక సన్నబడుతోంది

నన్ను దెబ్బతీసింది ఇదే. నా దగ్గర రెండు ఆడ గెకోలు నెలల తరబడి ఒకే హైడ్‌లో (దాక్కునే గూడులో) ఒకదానిమీద ఒకటి పడుకునేవి. ఎంత అన్యోన్యంగా ఉన్నాయో అని నేను ఫొటోలు కూడా తీశాను. సాయంత్రం రెండూ బయటికి వచ్చి పురుగులు తినేవి. ఒకరోజు ట్యాంకు శుభ్రం చేస్తుంటే చల్లని మూలలో కక్కిన కీచురాయి కనిపించింది, వెనక కాళ్లు, రెక్కలు కూడా చెదరకుండా. అప్పుడు తూచాను: ఒకటి 64 గ్రాములు, రెండోది 43.

తిండి అందుతోంది, వేడి అందడం లేదు. అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ ప్రాంతాల ఎండు రాతినేలల నుంచి వచ్చిన ఈ జీవి పగలంతా వెచ్చని రాతి సందుల్లో దాగి, నేల నుంచి పొట్టకు తగిలే వేడితో తిన్నది అరిగించుకుంటుంది. ట్యాంకులో వెచ్చని హైడ్ ఒక్కటే ఉంటే బలమైనది నేలను ఆక్రమిస్తుంది, బలహీనమైనది దాని వీపు మీదికెక్కి మిగిలిన వేడితో సరిపెట్టుకుంటుంది, లేదా చల్లని వైపుకు తప్పుకుంటుంది. మనం ప్రేమ అనుకునేది చాలాసార్లు చోటు కోసం పోటీ. ఇది రాత్రి కనిపించదు, ఎందుకంటే మనం చూసే వేళకు రెండూ తిరుగుతూ ఉంటాయి.

కాబట్టి వారం రోజులు మధ్యాహ్నం రెండు గంటలకు, హైడ్‌ను కదపకుండా, సన్నబడినది ఎక్కడ ఉందో చూసి రాసుకోండి. ఎక్కువ రోజులు చల్లని వైపే కనిపించినా, రెండోదాని మీదే ఉన్నా కారణం దొరికినట్టే.

రెండో వెచ్చని హైడ్ పెడితే సరిపోతుందా అని అడుగుతారు. నేనూ పెట్టాను, బలమైనది రోజుకోదాన్ని మార్చుకుంటూ రెండింటినీ తనవిగా చేసుకుంది. వేరు చేయడమే మందు. ఒక్కోదానికి కనీసం 75 లీటర్ల ట్యాంకు, 32 డిగ్రీల దగ్గర నేల ఉన్న వెచ్చని హైడ్, 25 డిగ్రీల దగ్గర చల్లని హైడ్, తడి నాచు ఉన్న మూడోది ఏర్పాటు చేయండి. ట్యాంకులు పక్కపక్కన ఉంటే మధ్యలో అట్ట అడ్డుపెట్టండి. మొదటి రెండు మూడు రోజులు తినకపోయినా కంగారుపడి బలవంతంగా తినిపించవద్దు.

అరుదైనవి

రెండూ ఒకేసారి చిక్కితే, లేదా వేరు చేసి నెల గడిచినా బరువు పెరగకపోతే పరాన్నజీవులను అనుమానించి, తాజా మలాన్ని సరీసృపాలు చూసే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. పరీక్ష ఫలితం వచ్చేవరకు రెండింటికీ ఒకే పటకారు, ఒకే నీళ్ల గిన్నె వాడవద్దు.