గౌట్ నొప్పి తగ్గింది సరే, మళ్లీ రాకుండా ఏం చేయాలి?

అర్ధరాత్రి కాలి బొటనవేలు మొదట్లో మంట పుట్టి మెలకువ వస్తుంది. తెల్లారేసరికి కీలు ఎర్రగా వాచి నిగనిగలాడుతుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై, దాని స్ఫటికాలు కీళ్లలో చేరడంతో వచ్చే జబ్బే గౌట్. చాలామందికి అది తొలిసారి ఇలాగే వస్తుంది. వారం, పది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది కూడా. చిక్కంతా అక్కడే. నొప్పి లేదు కదా అని వైద్యం ఆపేస్తారు, అసలు చేయాల్సింది అప్పుడే.

1. నొప్పి వచ్చిన రోజున

కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ ఇరవై నిమిషాలు ఉంచండి. మర్దన వద్దు. మందు 24 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది. డాక్టర్లు ఇచ్చేవి మూడు రకాలు: కొల్చిసిన్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి, కడుపులో పుండు ఉన్నవారికి నొప్పి మాత్రలు మంచివి కావు. స్టెరాయిడ్లతో షుగర్ పెరుగుతుంది. అందుకే పక్కింటాయన చీటీ మీకు పనికిరాదు. కొల్చిసిన్‌ను ఒకప్పుడు విరేచనాలు పట్టేదాకా వేసేవారు. ఇప్పుడు మొదట 1.2 మి.గ్రా., గంట తర్వాత 0.6 మి.గ్రా., ఆ రోజుకి అంతే. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతుంటే ముందే చెప్పండి, రెండూ కలిస్తే ప్రమాదం.

చలిజ్వరం కూడా ఉంటే అది కీలులో చీము కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

2. గౌటేనా అని తేల్చుకోవడం

కీలులోంచి సిరంజితో నీరు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తాయి. అంతకు మించిన రుజువు లేదు. నొప్పి ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగానే కనబడొచ్చు. ఆ రిపోర్టు చూసి గౌట్ కాదనుకోకండి, రెండు వారాలు ఆగి మళ్లీ చేయించండి.

3. యూరిక్ యాసిడ్ తగ్గించడం

నీళ్లలో ఉప్పు కొంతవరకే కరుగుతుంది, మిగిలింది అడుగున పేరుకుంటుంది. డెసీలీటరు రక్తంలో యూరిక్ యాసిడ్ 6.8 మి.గ్రా. దాటితే కీళ్లలో జరిగేదీ అదే. కాబట్టి దాన్ని 6 కన్నా కిందికి దించి అక్కడే ఉంచాలి. ఏడాదికి రెండుసార్లో అంతకన్నా ఎక్కువో నొప్పి వచ్చేవారికి, స్ఫటికాలు పేరుకుని గడ్డలు కట్టినవారికి యూరిక్ యాసిడ్ తగ్గించే మందు తప్పదు. అల్లోప్యూరినాల్ రోజుకి 100 మి.గ్రా. లేదా ఇంకా తక్కువతో మొదలుపెట్టి, రక్తపరీక్ష చూస్తూ కొద్దికొద్దిగా పెంచుతారు.

మొదటి నెలల్లో నొప్పి మళ్లీ రావచ్చు. పాత స్ఫటికాలు కరుగుతూ కదలడమే కారణం. ‘మందు పడలేదు’ అని ఎక్కువమంది మానేసేది ఇక్కడే. దీన్ని ఆపడానికే మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదులో కొల్చిసిన్ కూడా ఇస్తారు. నొప్పి వచ్చినా అల్లోప్యూరినాల్ ఆపకండి. ఒంటిమీద దద్దుర్లు లేస్తే మాత్రం వెంటనే ఆపి డాక్టర్‌ను కలవండి.

4. తిండి, తాగుడు

బీరు, మద్యం, తీపి కూల్‌డ్రింకులు, కాలేయం లాంటి మాంసం తగ్గించండి. పప్పులు మానక్కర్లేదు. పథ్యంతో తగ్గేది కొంచెమే, మందుకు అది బదులు కాదు. బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతుంటే మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగండి, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది.

చెవి అంచునో మోచేతి దగ్గరో గడ్డలున్నవారికి యూరిక్ యాసిడ్‌ను 5 కన్నా తక్కువ ఉంచుతారు. అంకె అలా నిలబడితే, నెలలు పట్టినా ఆ గడ్డలు కూడా మెల్లగా కరుగుతాయి.