బాలల దినోత్సవ వారంలో ఒక్క పిల్ల కూడా పక్కన మిగలకుండా చూసుకోవడం ఎలా

నవంబరు 14 దగ్గర పడుతోందంటే హైస్కూల్లో ఎవరికీ తీరిక ఉండదు. బాలల దినోత్సవం, అదే రోజు మొదలై 20 దాకా సాగే గ్రంథాలయ వారోత్సవాలు, వక్తృత్వం, వ్యాసరచన, డ్రాయింగ్, ముగ్గులు, ఆటల పోటీలు, చివర్లో సాంస్కృతిక కార్యక్రమం, వీటన్నిటి మధ్యలో సిలబస్ ఎంతవరకు వచ్చిందని హెచ్ఎం గారి ఆరా. ఈ హడావుడిలో చాలా స్కూళ్ళలో జరిగేది ఒకటే. వక్తృత్వంలో ఫస్ట్ వచ్చిన అమ్మాయే క్విజ్ టీంలో ఉంటుంది, డాన్సులో ముందు వరుసలోనూ ఉంటుంది. కబడ్డీ కెప్టెనే క్రికెట్టుకీ కెప్టెన్. మిగతావాళ్ళు వారమంతా చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. దివ్యాంగ పిల్లల సంగతికొస్తే, వాళ్ళకి డిసెంబరు 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు వేరే కార్యక్రమం పెడతాం కదా అని ఈ వారంలో వాళ్ళ ఊసే రాదు. ఒక రోజు స్టేజీ ఎక్కించి, చేతిలో స్టీలు గ్లాసు పెట్టి ఫోటో తీసుకోవడం కన్నా, మామూలు వారంలో మామూలు ఆటలో ఆ పిల్లాడికి చోటుండడం ముఖ్యం అని నా నమ్మకం. పెద్ద ఖర్చేమీ లేదు, ముందుగా కూర్చుని ఆలోచించాలి, అంతే. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో మేం చేసే పద్ధతి రాస్తున్నా, మీ స్కూలుకి తగ్గట్టు మార్చుకోండి.

మొదటి పని హాజరు పట్టీతో. కనీసం పది రోజుల ముందు క్లాస్ టీచర్లంతా తమ సెక్షన్ పేర్లన్నీ ఒక తెల్లకాగితం మీద రాసుకుని, ఒక్కో పేరు ఎదురుగా ఈ వారంలో ఆ పిల్ల ఏం చేస్తుందో పెన్సిల్‌తో రాయాలి. ఖోఖో, వ్యాసరచన, కోలాటం, ఏదో ఒకటి. ఎదురుగా ఖాళీ మిగిలిన పేర్లే మీ అసలు పని. ఆ ఖాళీల్లో వీల్‌చైర్‌లో వచ్చే పిల్లాడు, చెవి మెషిన్ పెట్టుకునే అమ్మాయి తప్పకుండా ఉంటారు. వాళ్ళతో పాటు సాయంత్రం బెల్ కొట్టగానే బస్సుకి పరిగెత్తాల్సిన వాళ్ళు, పత్తి తీతలకి పోయి వారంలో సగం రోజులే వచ్చేవాళ్ళు, ఇటుక బట్టీల పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, తండా నుంచి వచ్చి క్లాసులో నోరు విప్పని అమ్మాయి, డ్రస్సుకి డబ్బులు అడిగితే ఇంట్లో గొడవవుతుందని పేరే ఇవ్వని పిల్లాడు కూడా ఉంటారు. ఇంకో సంగతి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. 1995 నాటి పాత చట్టంలో ఉన్నవి ఏడే. కొత్తగా చేరిన వాటిలో చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బందులు, ఆటిజం లాంటివి ఉన్నాయి కాబట్టి పైకి ఏమీ కనిపించని పిల్లలు కూడా మీ లిస్టులో ఉంటారని గుర్తుంచుకోండి. మీ మండలంలో భవిత కేంద్రం (దివ్యాంగ పిల్లల చదువుకి సాయపడే ప్రభుత్వ కేంద్రం) ఉంటే అక్కడి సహిత విద్య టీచర్‌కి ఈ లిస్టు చూపించండి. ఏ పిల్లకి దేనికి ఇబ్బందో మనకంటే వాళ్ళకి బాగా తెలుసు, పైగా అడిగితే సంతోషంగా చెప్తారు.

తర్వాత పిల్లల్ని అడగాలి. అమ్మని కాదు, పక్కన కూర్చునే ఫ్రెండ్‌ని కాదు, ఆ పిల్లనే. అది కూడా క్లాసులో అందరి ముందు కాకుండా విడిగా. "ఏం చేస్తావమ్మా?" అంటే "ఏమొద్దు టీచర్" అంటుంది, ఎందుకంటే ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కదా, నమ్మకం ఉండదు. "క్యారమ్స్ ఆడతావా, క్విజ్‌లో కూర్చుంటావా?" అని రెండు మాటలు చెప్పి, మర్నాడు మళ్ళీ అడగండి. నిజంగానే స్టేజీ మీదకి రావడం ఇష్టం లేకపోతే బలవంతం పెట్టొద్దు. స్కోరు రాయడం, టైము చూడడం, మైకులో పేర్లు చదవడం, ఫోటోలు తీయడం, ఇవన్నీ పదిమందికీ కనిపించే పనులే. కానీ చెప్పుల దగ్గర కాపలా, మంచినీళ్ళ గ్లాసులు అందివ్వడం లాంటివి ఒప్పజెప్పి, ఆ పిల్లాడికీ ఏదో పని ఇచ్చాం అనుకోవద్దు. అవి అందరూ వంతులవారీగా చేయాల్సినవి.

టైమూ డబ్బూ విషయంలో రెండే రూల్స్ పెట్టుకోండి. రిహార్సల్స్ స్కూలు విడిచాక ఉండవు, మధ్యాహ్న భోజనం అయ్యాకో చివరి పీరియడ్‌లోనో ఉంటాయి. డ్రస్సులు అద్దెకి తేవడం ఉండదు, యూనిఫామ్ మీద మహా అయితే ఒక రంగు గుడ్డ నడుముకి కట్టుకోవడమే. ఈ రెండో రూలుకి డాన్సు నేర్పే టీచర్లు, కొందరు తల్లిదండ్రులు ఒప్పుకోరు, నిగనిగలాడే డ్రస్సులుంటేనే బాగుంటుందంటారు. పట్టు వదలకండి. డ్రస్సు ఖర్చు తప్పిన ఏడాది నుంచే డాన్సుకి వచ్చే పేర్లు పెరుగుతాయి, మీరే చూస్తారు.

ఇక ఆటలు. ఇక్కడే పీఈటీ సార్ మనసు పెడితే సగం పని అయిపోతుంది. వినిపించని పిల్ల పరుగు పందెంలో ఎప్పుడూ వెనకబడుతుంటే కాళ్ళల్లో బలం లేకనే అనుకుంటాం, విజిల్ వినిపించక పక్కవాళ్ళు కదిలాక కదులుతోందని చాలామందికి తట్టదు. విజిల్‌తో పాటు ఎర్ర జెండా కిందికి దించండి, జెండా అందరికీ కనిపించేలా లైనుకి ముందు ఒక పక్కగా నిలబడి దించాలి, వెనక నుంచి కాదు. చూపు లేని పిల్లాడు పరిగెత్తాలంటే ఇంకో పిల్లాడు తోడుగా, ఇద్దరి చేతుల్లో ఒక చిన్న తాడు ముక్క. పారాలింపిక్స్‌లో కూడా ఇలాగే పరిగెడతారు, ఆ సంగతి మిగతా పిల్లలకి చెప్పండి, ఎవరూ నవ్వరు.

బంతాట కావాలంటే ఫుట్‌బాల్‌ని ఒక పెద్ద పాలిథిన్ కవర్లో పెట్టి మూతి ముడేయండి. బంతి దొర్లుతున్నంతసేపూ గరగరమని శబ్దం వస్తుంది, చూపు లేని పిల్లలు ఆ శబ్దాన్ని బట్టి కాలు వేస్తారు. చిక్కు ఏంటంటే బంతి ఆగితే శబ్దమూ ఆగిపోతుంది, కాబట్టి బయట నిలబడ్డ ఒకరు వెళ్ళి దాన్ని కాలితో కొంచెం కదపాలని రూల్ పెట్టుకోవాలి. చూసేవాళ్ళు గోల్ పడేదాకా నోరు మెదపకూడదు. హైస్కూల్ పిల్లల్ని అంతసేపు నిశ్శబ్దంగా ఉంచడం కష్టమే, అయినా రెండు నిమిషాలకే వాళ్ళు ఆటలో పడిపోతారు. గ్రౌండ్‌లో రాళ్ళు ఏరించడం, వాలీబాల్ స్తంభాల చుట్టూ గోనె సంచులు కట్టించడం మర్చిపోవద్దు.

నేర్చుకోవడంలో నెమ్మదిగా ఉండే పిల్లల విషయంలో మనం ఆటల్లో కూడా ముందే లెక్క కట్టేస్తాం, "వాడికి అర్థం కాదులే" అని. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి సంగతి అసెంబ్లీలో చెప్పండి. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల టీ20 విభాగంలో 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. మీ గ్రౌండ్‌లో అలాంటి పిల్లకి లైను మీద నిలబడే అవకాశమే రాకపోతే ఆ పరుగు ఎవరికి తెలుస్తుంది? ఆట ఎలా ఆడాలో ఒకేసారి అంతా చెప్పకండి, ఒక్కో మాట చెప్పి చేసి చూపించండి. అమ్మాయిలకి ముగ్గులు, అబ్బాయిలకి కబడ్డీ అనే విభజన కూడా ఈ ఏడాదితో ఆపేయండి.

వ్యాసరచన, క్విజ్‌లకి పెద్దగా చెప్పేదేం లేదు. రాయలేని పిల్లకి కింది తరగతి నుంచి ఒకరిని రాసిపెట్టడానికి ఇవ్వండి. పెద్ద పరీక్షలకి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో గంటకి 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఉంది, మీ పోటీకీ అదే లెక్క పెట్టండి, ఎవరైనా అడిగితే ఆ మాటే చెప్పండి. క్విజ్ టీంలు చీటీలు వేసి కలపండి. వక్తృత్వంలో లంబాడీలోనో కోయలోనో ఒడియాలోనో మాట్లాడతానంటే మాట్లాడనివ్వండి, పక్కన ఇంకో పిల్ల తెలుగులో చెప్తుంది. తమ భాష మైకులో వినిపించినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి మీరు.

లైబ్రరీకి తీసుకెళ్ళే రోజుకి ముందు మీరొక్కరే వెళ్ళి మెట్లు ఎన్నున్నాయో, బాత్‌రూం ఉందో లేదో చూసి రండి. లోపలికి వీల్‌చైర్ పోకపోతే లైబ్రేరియన్ గారిని అడిగి పుస్తకాలు, బల్లలు వరండాలోకి తెప్పించి అందరూ అక్కడే కూర్చోండి. ఆ పిల్లాడొక్కణ్ణి బయట వదిలి మిగతావాళ్ళని లోపలికి పంపొద్దు. చూపు లేని పిల్లలకి ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది పైకి చదివే సౌకర్యం) ఆన్ చేస్తే తెలుగు కూడా చదివి వినిపిస్తుంది, ఇయర్‌ఫోన్స్ తీసుకెళ్ళండి.

సాంస్కృతిక కార్యక్రమం రోజు అసలు ఇబ్బంది స్టేజీ. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే రెండడుగుల ఎత్తున్న స్టేజీకి 24 అడుగుల పొడవు ర్యాంపు. చెక్క పలక ఏటవాలుగా వేసి నలుగురు తోస్తే అది ర్యాంపు కాదు, ప్రమాదం. పిల్లాణ్ణి కుర్చీతో సహా ఎత్తి స్టేజీ మీద పెట్టడం మాత్రం వద్దే వద్దు. హైస్కూల్ వయసు పిల్లాడు, అందరూ చూస్తుండగా అలా ఎత్తించుకోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో ఆలోచించండి. కార్యక్రమం నేల మీదే పెట్టేయండి, జంపఖానాలు పరిచి, పిల్లలు మూడు వైపులా కూర్చుంటే ఇంకా బాగా కనిపిస్తుంది. కోలాటం అందరూ కుర్చీల్లో కూర్చుని వేసేలా కట్టొచ్చు, చేతుల లయ మీదే నడుస్తుంది కాబట్టి చూడ్డానికి చాలా బాగుంటుంది. డీజే బాక్సుల మోతకి చెవులు మూసుకుని ఏడ్చే పిల్లలుంటారు, సౌండ్ తగ్గించండి, పక్కనే ఒక గది ఖాళీగా ఉంచి అక్కడ ఒక టీచర్ ఉండేలా చూడండి. ఆ పిల్లలకి రేపు ఏం జరుగుతుందో ముందు రోజే వరసగా బొమ్మలు వేసి చూపిస్తే టెన్షన్ చాలా తగ్గుతుంది.

తోడుగా ఉండే పిల్లల్ని రోజుకొకరు చొప్పున మార్చండి. చాలా స్కూళ్ళలో వీల్‌చైర్ నెట్టే పని, బాత్‌రూంకి తీసుకెళ్ళే పని ఒకే మంచి పిల్ల నెత్తిన పడి, పాపం ఆ పిల్ల ఏ ఆటా ఆడకుండానే వారం అయిపోతుంది.

20న బహుమతులిచ్చేటప్పుడు పేరు, తరగతి చదివితే చాలు, "ఇతను దివ్యాంగుడైనా సరే" లాంటి ముక్క మైకులో వద్దు. గెలిస్తే గెలిచినందుకే బహుమతి, జాలిపడి కన్సోలేషన్ ఇవ్వొద్దు, పిల్లలకి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఆ సాయంత్రమే తెల్లకాగితాలు మళ్ళీ తీసి, ఇంకా ఖాళీగా మిగిలిన పేర్లు రౌండ్ చేసి హెచ్ఎం గారికి ఇవ్వండి. డిసెంబరు 3కి మండలంలో జరిగే ఆటలకి మీ పిల్లలు వెళ్తుంటే, వాళ్ళతో పాటు వెళ్ళే ఫ్రెండ్స్ పేర్లు, ఆటో ఎవరు మాట్లాడతారు, భోజనం ఎక్కడ అన్నది అప్పుడే తేల్చేసుకోండి, ఆఖరి నిమిషంలో ఆటో దొరక్క ఆగిపోయేది వీల్‌చైర్ పిల్లలే.