కొలోన్ కెథడ్రల్‌కి గైడ్‌ని పెట్టుకుంటున్నారా?

జర్మనీలో చదువుకునే పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు చాలామంది కొలోన్ చూస్తారు. రైలు స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కెథడ్రలే, అంటే ఆ ఊరి పెద్ద చర్చి, 157 మీటర్ల ఎత్తు. ఫోటో దిగి వచ్చేయకండి. ఒక్క రెండు గంటలకైనా లోకల్ గైడ్‌ని మాట్లాడుకోండి, ఇంకో కుటుంబం కలిస్తే ఖర్చూ సగమవుతుంది.

బుక్ చేసేముందే ఒక్క మాట అడగండి: "లోపల వివరించడానికి మీకు అనుమతి ఉందా?" బయటి గైడ్‌లను లోపల మాట్లాడనివ్వరు. లేదంటే కథంతా బయటే వినేసి లోపలికి వెళ్లండి. 1248లో మొదలైన కట్టడం మధ్యలో వందల ఏళ్లు ఆగి 1880లో పూర్తయింది. అది వింటే ఆ నల్లబడిన రాళ్లని చూసే చూపే మారిపోతుంది.

ఎండ ఉన్న మధ్యాహ్నమైతే మరీ మంచిది. దక్షిణం వైపు జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ చేసిన కిటికీలో వేలకొద్దీ రంగు గాజు ముక్కలు. ఆ రంగులు నేల మీద, మన చేతుల మీద పడతాయి. నాకైతే అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

గోపురం ఎక్కాలంటే 533 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి ముందే చెప్పండి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, వేరే రోజు పెట్టుకోండి.